ఎండలో అద్దమయ్యే తెర

మే నెల, మిట్టమధ్యాహ్నం, కోల్‌కతాలోని గరియాహాట్ కూడలి. కాలిబాట మీద చీరల దుకాణం పెట్టుకున్న వ్యాపారి బేరం తెగ్గానే క్యాలిక్యులేటర్ తీసి టకటకా నొక్కి, కొనేవాళ్ల వైపు తిప్పుతాడు. అంకెలు కాటుకతో రాసినట్టు నల్లగా కనిపిస్తాయి. ఎండ ఎంత ముదిరితే అవి అంత తేటపడతాయి. నాలుగడుగుల అవతల, ఆఫీసు నుంచి ఫోను రాగానే సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి ఏదో మెట్టు మీద కూర్చున్న ఉద్యోగికి మాత్రం ఒక్క అక్షరం ఆనదు. ఆ తెరలో ఉన్నవి అతని ముఖం, ముఖం మీది చెమట, నెత్తిన తెల్లటి ఆకాశం, ఆకాశాన్ని కోస్తూ పోయే ట్రాము తీగలు. కొన్ని వందల రూపాయల వస్తువు అవలీలగా చేసే పని వేలకు వేలు పోసి కొన్న వస్తువుకు చేతకాలేదు.

అప్పుడతను చేసేది అందరూ చేసేదే. వెలుగు పెంచే మీట మీద వేలు పెట్టి చివరిదాకా నొక్కుతాడు. ఏదో కాస్త తేడా వచ్చినట్టే ఉంటుంది గానీ అక్షరం మాత్రం పైకి తేలదు. తెరకు వెలుగు చాలడం లేదని అతని అనుమానం. అసలు లోటు అక్కడ లేదు. రాత్రి పన్నెండింటికి, దీపాలార్పిన గదిలో కళ్లు పొడిచే ఆ వెలుగే ఇప్పుడూ ఆ తెరలోంచి వస్తోంది, వీసమెత్తు తగ్గలేదు. దాని మీదికి బయటి వెలుగు వచ్చి కూర్చుంది.

ఎంత వచ్చి కూర్చుందో చూడాలంటే రెండు కొలతలు చాలు. ఒక చోట పడే వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. ఒక తలం నుంచి కంటివైపు వచ్చే వెలుగును నిట్‌లలో కొలుస్తారు. పున్నమి వెన్నెల ఒక లక్స్‌లో పావు వంతు. ట్యూబులైట్ల ఆఫీసు గదిలో 300 నుంచి 500 లక్స్. పగటిపూట మేడ నీడలో నిలబడితే సుమారు 10,000. నిలువెండలో 1,00,000. గదిలోంచి వీధిలోకి అడుగు పెట్టినవాళ్లకు వెలుగు రెండు మూడు వందల రెట్లు పెరిగిందని తోచదు, 'అబ్బ, ఎండ!' అని ఊరుకుంటారు. కంటిపాప పూర్తిగా ముడుచుకుని తగ్గించగలిగేది మహా అయితే 16 రెట్లు. మిగతా సర్దుబాటంతా కంటి వెనక పొర చడీచప్పుడు లేకుండా చేసుకుపోతుంది. తెరకు ఆ విద్య లేదు.

మామూలు ల్యాప్‌టాప్ తెరల్లో చాలావాటి వెలుగు 250, 400 నిట్ల మధ్య ఉంటుంది. మనవాడిది 300 అనుకుందాం. తన మీద పడ్డ వెలుగులో నూటికి ఒక వంతును ఆ తెర చెల్లాచెదురుగా వెనక్కి చిమ్ముతుందనీ అనుకుందాం. నూటికి ఒకటంటే ఏపాటి? గదిలో నిజంగానే ఏపాటీ కాదు. 300 లక్స్ పడితే తిరిగొచ్చేది ఒక్క నిట్. అక్షరం వెనక తెలుపు 301, అక్షరం నలుపు 1. మూడు వందల రెట్ల తేడా ఉన్న అక్షరం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ ల్యాప్‌టాప్‌నే లక్ష లక్స్ ఎండలో పెడితే ఆ ఒక్క వంతూ సుమారు 320 నిట్లవుతుంది. ఇప్పుడు తెలుపు 620, నలుపు 320. తేడా రెండు రెట్లకు కూడా రాలేదు. నలుపు బూడిదయింది. చూపు మందగించినవాళ్లకు కూడా వెబ్ పేజీలు అందాలని పెట్టుకున్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అక్షరానికీ దాని వెనక రంగుకీ కనీసం 4.5 రెట్ల తేడా ఉండాలి. చూపు బాగున్నవాడికే ఇక్కడ అందులో సగం దక్కలేదు.

ఆ తెరనే నీడలోకి తెస్తే నలుపు 32కు దిగుతుంది, తెలుపు 332 అవుతుంది, తేడా పది రెట్లు దాటుతుంది. హాయిగా చదువుకోవచ్చు. ఎండలోనే కూర్చుని ఆ పది రెట్లు సాధించాలని పట్టుబడితే తెర దాదాపు 2,900 నిట్లు వెలగాలి. నాలుగడుగులు పక్కకు జరగడానికీ, తొమ్మిది పది తెరల వెలుగును ఒక్క తెరలో కూరడానికీ ఫలితం ఒకటే.

ఇదింకా చెల్లాచెదురైన వెలుగు లెక్కే. అద్దంలో బొమ్మలా చెక్కుచెదరకుండా తిరిగొచ్చే వెలుగు దీనికి అదనం. గాజు మీద సూటిగా పడ్డ కాంతిలో 4 శాతం పై తలం నుంచే వెనక్కి మళ్లుతుంది. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల పంజాబీ (లాల్చీని అక్కడ అలాగే అంటారు) నిలువెండలో 25,000 నిట్ల దాకా మెరుస్తుంది. అందులో 4 శాతం వెయ్యి నిట్లు. తెర సొంత సంపాదన 300. అక్షరాల స్థానంలో చొక్కా గుండీలు కనిపించడంలో వింతేముంది! అదే నల్ల బట్టయితే పడ్డ వెలుగులో ఇరవయ్యో వంతునే తిరిగి పంపుతుంది. తెరలో దాని ప్రతిబింబం 64 నిట్లు. చొక్కా మార్చినందుకు పదిహేను రెట్ల లాభం. ఏ కంపెనీ ఇంజినీరూ ఇంత చౌకగా ఇంత మేలు చేయలేడు. మే నెల ఎండలో నల్ల చొక్కా తొడుక్కోమని కోల్‌కతావాళ్లకు చెప్పగల ధైర్యం ఉండాలి, అది వేరే సంగతి.

నల్లని తలమే అద్దంలా పనిచేస్తుందన్నది ఇక్కడ ఉపయోగపడే విషయం. రాత్రి రైలు కిటికీలో మన ముఖం కనిపించేది బయట చీకటి కాబట్టే. ఈమధ్య చాలామంది మోజుపడి పెట్టుకునే నల్ల నేపథ్యం, తెల్ల అక్షరాల అమరిక ఎండలోకి రాగానే నిలువుటద్దం అయిపోయేదీ ఇందుకే. తెల్ల నేపథ్యం మీద నల్ల అక్షరాలు, రెండు మూడు సైజులు పెద్దవి చేసి పెట్టుకుంటే ప్రతిబింబం ఆ తెలుపులో కొంతైనా కలిసిపోతుంది. తేడా తగ్గినప్పుడు కన్ను మొదట వదిలేసేది సన్నని గీతల్నే. తెలుగు లిపిలో గుడులు, వట్రసుడులు, కింద వేలాడే ఒత్తులూ అన్నీ సన్నని గీతలే కదా. ఇంగ్లీషు మెయిల్ ఎలాగో కూడబలుక్కుని చదివినవాళ్లు కూడా తెలుగు మెయిల్ దగ్గర చేతులెత్తేస్తారు.

తెర ఎంత వెలుగుతోంది అన్న ప్రశ్న పక్కన పెట్టి, తెర దేన్ని చూస్తోంది అని అడగాలి. ఈ ప్రశ్నను దాదాపు ఈ రూపంలోనే నూరేళ్ల కిందట కలకత్తా ప్రొఫెసర్ ఒకరు వేశారు. ఆయన ముందున్న తెర పేరు మధ్యధరా సముద్రం.

చంద్రశేఖర వెంకట రామన్ 1888లో తిరుచిరాపల్లిలో పుట్టినా, బడి చదువు విశాఖపట్నంలో సాగింది. తండ్రి అక్కడి ఏ.వి.ఎన్. కాలేజీలో అధ్యాపకుడు. పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ గట్టెక్కిన ఆ కుర్రవాడు 1907లో ఆర్థిక శాఖ ఉద్యోగిగా కలకత్తాలో దిగాడు. ట్రాములో ఆఫీసుకు పోతూ బౌబజార్ వీధిలో 210వ నంబరు గుమ్మం మీద ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ అనే బోర్డు చూసి దిగిపోయారని ఒక కథ ప్రచారంలో ఉంది. 1876లో మహేంద్రలాల్ సర్కార్ పెట్టిన సంస్థ అది. పగలు సర్కారు లెక్కలు, మిగతా వేళల్లో అక్కడ ప్రయోగాలు. పదేళ్లకు ఆ ఉద్యోగం వదిలి కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ప్రొఫెసర్ అయ్యారు.

1921లో విశ్వవిద్యాలయం తరఫున ఇంగ్లండు వెళ్లి ఓడలో తిరిగొస్తున్నప్పుడు సముద్రపు నీలం ఆయన్ను పట్టుకుంది. ఆ నీలం ఆకాశానిదేననీ, నీళ్లలో దాని ప్రతిబింబమే మనకు కనిపిస్తోందనీ లార్డ్ రేలీ అంతటివాడు చెప్పి ఉన్నాడు. రామన్‌కు నమ్మకం కుదరలేదు. ఆయన దగ్గర ఒక నికోల్ ప్రిజం ఉంది. నీటి మీద ఒక ఏటవాలు కోణంలో, సుమారు 53 డిగ్రీల దగ్గర, పడి మళ్లే వెలుగంతా ఒకే దిశలో కంపిస్తుంది. బ్రూస్టర్ కోణం అంటారు దాన్ని. ఆ కోణంలో చూస్తూ ప్రిజాన్ని తిప్పితే ఒక చోట ఆ కంపనానికి దారి మూసుకుపోయి నీటి పై తళుకు ఆరిపోతుంది. రామన్ ఓడ మీద చేసింది అదే. ఆకాశపు ప్రతిబింబం పోయింది. నీలం మాత్రం పోకపోగా ఇంకా చిక్కబడింది. ఆ రంగు నీళ్ల లోపలి నుంచే వస్తోందన్నమాట. నార్కుండా అనే ఆ ఓడ బొంబాయి రేవు చేరేనాటికి నేచర్ పత్రికకు పంపాల్సిన ఉత్తరం సిద్ధంగా ఉంది. కాంతి చెదిరే తీరు మీద బౌబజార్‌లో ఆ తర్వాత సాగిన పని 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్ దాకా, 1930లో నోబెల్ దాకా వెళ్లింది. ఆ ప్రయోగాల తొలి రోజుల్లో ఆయన వాడిన దీపం కూడా కలకత్తా ఎండే. ఏడంగుళాల టెలిస్కోపు కటకంతో సూర్యకాంతిని పోగుచేసి ద్రవాల మీదికి వదిలేవారు.

సముద్రం లోపలి రంగు చూడటానికి ఆయన సముద్రానికి వెలుగు పెంచలేదు. పైన కమ్ముకున్న వెలుగును తీసేశారు.

నికోల్ ప్రిజం చేసిన పనిని ఇప్పుడు పోలరాయిడ్ చలవ కళ్లద్దాలు చేస్తాయి. 1929లో అమెరికాలో ఎడ్విన్ లాండ్ కనిపెట్టిన పల్చటి పొరే ఆ అద్దాలకు మూలం. హుగ్లీ ఒడ్డున ప్రిన్సెప్ ఘాట్‌లో నిలబడి అవి పెట్టుకుంటే నీటి మీది జిగేలు తగ్గి పడవల అడుగులు తేటపడతాయి. అవే పెట్టుకుని ల్యాప్‌టాప్ చూద్దామంటే కథ అడ్డం తిరుగుతుంది. రామన్ సముద్రాన్ని ఏటవాలుగా చూశారు, తెరను మనం సూటిగా చూస్తాం. సూటిగా మళ్లే వెలుగు ఏ ఒక్క దిశలోనూ కంపించదు కనుక ఆ అద్దాలు దాన్ని ప్రత్యేకంగా పట్టలేవు. మామూలు చలవద్దాల్లా అన్నిటినీ ఒకేలా మసకబరుస్తాయి. పైగా ఎల్‌సీడీ తెర నుంచి వచ్చే వెలుగు పుట్టుకతోనే ఒకే దిశలో కంపించేది. అద్దాల దిశా తెర దిశా అడ్డం పడ్డాయంటే తెర మొత్తం నల్లబడిపోతుంది. కొత్త ల్యాప్‌టాప్ చెడిపోయిందని దుకాణానికి పరిగెత్తబోయే ముందు ఒకసారి కళ్లద్దాలు తీసి చూడటం మంచిది.

రామన్ పరికరం కుదరకపోయినా ఆయన పద్ధతి కుదురుతుంది. ఆ మాటకొస్తే కలకత్తా ఫోటోగ్రాఫర్లు ఆ పద్ధతిని ఇంకా ముందే ఎరుగుదురు. ఎస్ప్లనేడ్ దగ్గర బోర్న్ అండ్ షెపర్డ్ అనే స్టూడియో ఉండేది. 19వ శతాబ్దంలో మొదలై 2016లో మూతపడింది. ఆ కాలపు పెట్టె కెమెరాల వెనక ఒక గరుకు గాజు పలక, దాని మీద తలకిందులుగా, మసగ్గా బొమ్మ పడేది. ఆరుబయట ఆ బొమ్మ కంటికి ఆనాలంటే ఫోటోగ్రాఫర్ నల్లగుడ్డ ముసుగు వేసుకుని అందులో తల దూర్చాల్సిందే. ఇప్పటి సినిమా యూనిట్లు మానిటర్ చుట్టూ కట్టే నల్లగుడ్డ దాని మనవరాలు. వీధి సిగ్నళ్ల మీది రేకు టోపీలు కూడా ఈ కుటుంబమే. 2011 నుంచి కోల్‌కతా కూడళ్లలో రవీంద్ర సంగీతం వినిపించే సిగ్నళ్లున్నాయి. పాట వింటూ పైకి చూసినవాళ్లు ఒక్కొక్క దీపం నెత్తిన ఉన్న టోపీని గమనించే ఉంటారు. అది లేకపోతే పొద్దున, సాయంత్రం వాలుగా వచ్చే ఎండ దీపంలో దూరి తిరిగొచ్చి, ఆరిన ఎర్రదీపం కూడా వెలుగుతున్నట్టే కనిపిస్తుంది. క్రికెట్ మైదానాల్లో పెట్టే పెద్ద ఎల్‌ఈడీ తెరలు వేల నిట్ల వెలుగునిస్తాయి. అయినా వాటి దీపాల వరసల మీద సన్నని నల్లటి చూరులు బిగిస్తారు. అంత వెలుగున్నదానికే గొడుగు కావలసి వచ్చింది.

గొడుగంటే కోల్‌కతా ముందుంటుంది. ఎండైనా వానైనా పెద్దమనిషి చంకలో నల్లగొడుగు లేనిదే బయల్దేరని ఊరది. ఆ గొడుగును ల్యాప్‌టాప్ కోసం వాడేవాళ్లు నెత్తిన పట్టుకుంటారు. ఎండ తగలకుండా ఉంటుంది గానీ, తెర చూస్తున్నది నెత్తిని కాదు. కూర్చున్న మనిషి భుజాల మీదుగా వెనకనున్న ఆకాశాన్ని చూస్తోంది. ఆకాశం కొన్ని వేల నిట్లు, ఎండ సోకిన తెల్లమబ్బు అంతకు ఎక్కువ. గొడుగును వీపు వెనక్కి వాల్చి, దాని లోపలి నలుపు తెరకు కనిపించేలా పెడితే ఆ వేల నిట్లూ ఒక్కసారిగా మాయమవుతాయి. గోడకు చేరగిలబడినా అంతే. అయితే గోడను చూసి ఎంచుకోవాలి. మక్రానా పాలరాతితో కట్టి 1921లో తెరిచిన విక్టోరియా మెమోరియల్ గోడకు ఆనుకున్నవాళ్లకు ఎండ సోకిన తెల్లరాయే తెర నిండా కనిపిస్తుంది. దాని తోటలో ముదురాకుపచ్చ పొద ఏదైనా దానికంటే ఎన్నో రెట్లు నయం.

చెట్టు నీడ కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. హుగ్లీ అవతల శిబ్‌పూర్ వృక్షోద్యానంలో పందిరి కట్టినట్టు ఎకరాల కొద్దీ పరుచుకున్న మహా మర్రి ఉంది. సామర్లకోటలో తోట పెంచి, కోరమాండల్ తీరపు మొక్కలకు బొమ్మలు గీయించిన విలియం రాక్స్‌బర్గ్ 1793 నుంచి చూసుకున్న తోటే అది. ఆ మర్రి కింద నడిమధ్య నీడ చిక్కగా, నిలకడగా ఉంటుంది. ఆకులు పల్చబడే అంచుల దగ్గర మాత్రం సందుల్లోంచి గుండ్రటి ఎండ బిళ్లలు రాలుతుంటాయి. ఒక్కొక్క సందూ సూదిబెజ్జం కెమెరాలా పనిచేసి నేల మీద సూర్యుడి బొమ్మనే గీస్తుంది. కవులకు అవి ఇష్టం. తెర చదివేవాడికి నీడ మొత్తం కన్నా ఆ నాలుగు బిళ్లలే ఎక్కువ చిరాకు.

ఏ నెలలో ఎండ తెరను ఎక్కువ బాధిస్తుందని అడిగితే ఎవరైనా మే, జూన్ అంటారు. పొరపాటు. కోల్‌కతా 22.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, కర్కటరేఖకు కాస్త దక్షిణంగా ఉంది. జూన్ 5 ప్రాంతంలో, మళ్లీ జూలై 7 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువు కర్రకు నీడే ఉండదు. అప్పుడు, కాస్త వెనక్కి వాల్చిన ల్యాప్‌టాప్ తెర మీద ఎండ ఏటవాలుగా జారుతుంది. పూర్తి ఎండలో సగానికి లోపే దాని మీద పడుతుంది. డిసెంబర్ చివర్లో మధ్యాహ్నం సూర్యుడు 44 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. దక్షిణం వైపు తిప్పిన తెరను అతను దాదాపు ఎదురుగా నిలబడి కొడతాడు. కోల్‌కతాలో సరిగ్గా అదే ఆరుబయట కూర్చునే కాలం. రోద్ పొహానో అంటారు బెంగాలీలో. మేడ మీదికి చేరి, కమలాపండ్లు ఒలుచుకుంటూ చలికాగడం. ఇంటి నుంచి పనిచేసే అలవాటు వచ్చాక ఆ మేడ మీదికి ల్యాప్‌టాప్‌లూ ఎక్కాయి. వీపుకు ఎండ తగిలేలా ఉత్తరం వైపు తిరిగి కూర్చుంటే వీపుకు హాయి, తెరకు చావు. తెర దక్షిణం వైపు నోరు తెరుచుకుని ఉంటుంది. మనిషి దక్షిణానికి తిరిగి కూర్చుంటే తెర వీపు సూర్యుడి వైపు ఉంటుంది, ముఖం దాని నీడలోనే ఉండిపోతుంది. ముఖాన ఎండ పడుతుందనుకుంటే మంకీ టోపీ ఎలాగూ ఉండనే ఉంది. చలికాలం బెంగాలీ తల దాని నుంచి బయటికి రావడం అరుదు.

ఇంత తంటా ఎందుకు, 2,900 నిట్ల తెర చేసేయవచ్చు కదా అంటే, ఎల్‌సీడీ లోపల జరిగే దుబారా చూడాలి. వెనకనున్న దీపం నుంచి బయల్దేరిన వెలుగులో సగాన్ని, ఒకే దిశలో కంపించేదాన్ని మాత్రమే వదిలే మొదటి పొరే మింగేస్తుంది. మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు రంగు వడపోతల్లో పోతుంది. మధ్యలో తీగలూ ట్రాన్సిస్టర్లూ తమ వంతు తీసుకుంటాయి. చివరికి బయటపడేది సుమారు 5 శాతం. 300 నిట్లకు మూడు నాలుగు వాట్లు ఖర్చయితే 2,900కు 30 వాట్ల పైమాటే. 50 వాట్-గంటల బ్యాటరీ తెర ఒక్కదానికే రెండు గంటలు కూడా చాలదు. 2024లో వచ్చిన మ్యాక్‌బుక్ ప్రో లాంటి ఖరీదైన యంత్రాలు ఆరుబయట 1,000 నిట్ల దాకా వెళ్తాయి. అది పెద్ద మెరుగే. అయినా పైన వేసిన లెక్క ప్రకారం నిలువెండలో తేడా నాలుగు రెట్ల దగ్గరే ఆగుతుంది, ఎదుట తెల్ల పంజాబీ ఉంటే అదీ దక్కదు.

వేడి సంగతి వేరే ఉంది. 15.6 అంగుళాల తెర వైశాల్యం సుమారు 0.067 చదరపు మీటర్లు. నిండు ఎండ చదరపు మీటరుకు దాదాపు 1,000 వాట్లు. ఎండకు ఎదురుగా తిప్పితే ఆ తెర ఒక్కదాని మీదే 67 వాట్లు పడతాయి. చాలా ల్యాప్‌టాప్‌ల ఛార్జర్ 65 వాట్లు. ఛార్జర్ వైరులోంచి ఎంత శక్తి లోపలికి పోతుందో, అంతే ఎండ రూపంలో తెర నెత్తిన వచ్చి పడుతోంది. మామూలుగా తయారీదారులు 35 డిగ్రీల దాకా వాడుకోమంటారు. 2024 ఏప్రిల్ 30న కోల్‌కతాలో 43 డిగ్రీలు నమోదయింది, అదీ నీడలో. వేడెక్కిన యంత్రం తనను కాపాడుకోవడానికి మొదట వేగం, తర్వాత వెలుగు తగ్గించుకుంటుంది. వెలుగు కావలసిన వేళకే తగ్గించుకోవడం దాని తప్పు కాదు. ఇంకా ముదిరితే తెర మీద మచ్చలు మచ్చలుగా నలుపు పాకుతుంది. ఎల్‌సీడీ లోపలి ద్రవస్ఫటికాలు ఒక వేడి దాటగానే వరస తప్పి ఉత్త ద్రవమైపోతాయి, చల్లారితే మళ్లీ వరసలో నిలబడతాయి. ఈ సంగతి మొదట కనిపెట్టినవాడు ప్రాగ్‌లోని వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ రైనిట్జర్. క్యారెట్ నుంచి తీసిన కొలెస్టరాల్ పదార్థం 145 డిగ్రీల దగ్గర కరిగి మబ్బుగా ఉండి, 178 దాటాక తేటపడటం చూశాడు. రామన్ పుట్టిన 1888వ సంవత్సరమే అది.

వెలుగు పెంచలేనప్పుడు మళ్లే వెలుగును గాజు దగ్గరే తగ్గించవచ్చు. కళ్లద్దాల దుకాణాల్లో యాంటీ గ్లేర్ అని అమ్మేది ఇదే. మెగ్నీషియం ఫ్లోరైడ్‌ను గాజు మీద 100 నానోమీటర్ల మందాన పూస్తే, పూత పైనుంచి మళ్లిన అలా కింది నుంచి మళ్లిన అలా ఎదురెదురుగా పడి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 4 శాతం కాస్తా ఒకటిన్నర లోపుకు దిగుతుంది. పూతలు పెంచితే ఇంకా దిగుతుంది. ఆ పూతల కథలో 1935లో జైస్ కంపెనీకి చెందిన స్మకూలా, 1938లో జనరల్ ఎలక్ట్రిక్‌లో క్యాథరిన్ బ్లాడ్జెట్ పేర్లు వస్తాయి. మ్యాట్ తెర వేరే దారి తొక్కింది. అది ప్రతిబింబాన్ని తగ్గించదు, గీరి గీరి చెరిపేస్తుంది. నీడలో, ఎక్కడో ఒక్క మెరుపు ఉన్నచోట అది బంగారం. సూర్యుడే నేరుగా పడితే ఆ ఒక్క మెరుపునూ తెరంతా పాలపొంగులా పరుస్తుంది. నున్నటి తెరనైతే కనీసం కాస్త వంచి ఆ మెరుపును పక్కకు తోసేయవచ్చు. వేలిముద్రల జిడ్డు రెండింటికీ శత్రువే, గదిలో కనిపించని మరక ఎండలో వెలిగిపోతుంది.

ఇక గరియాహాట్ క్యాలిక్యులేటర్. దాని తెర వెనక దీపమే లేదు, ఒక అద్దంలాంటి రేకు ఉంది. పడ్డ వెలుగును తిరగ్గొట్టి, అంకె ఉన్నచోట మాత్రం ఆపుతుంది. ఎండతో పోటీ పడదు, ఎండనే దీపంగా వాడుకుంటుంది. 2003లో వచ్చిన నోకియా 1100 తెర కూడా దాదాపు ఆ జాతే. పొలంలో, రోడ్డు మీద నంబరు వెతుక్కోవడానికి ఎవరూ చేయి అడ్డం పెట్టుకునేవారు కాదు. నల్లని, తెల్లని పొడి రేణువులను కరెంటుతో పైకీ కిందికీ నడిపే ఈ-ఇంక్ తెరలు ఇదే పని కాగితానికి మరింత దగ్గరగా చేస్తాయి.

ఈ గుణాన్ని ల్యాప్‌టాప్‌లో పెట్టాలని గట్టిగా ప్రయత్నించినామె మేరీ లూ జెప్సన్. పేద దేశాల పిల్లలకు ల్యాప్‌టాప్ ఇవ్వాలన్న ఓఎల్‌పీసీ పథకం కోసం ఆమె చేయించిన తెర 2007లో వచ్చింది. గదిలో రంగుల తెర. ఆరుబయట వెనక దీపం ఆర్పేసినా, ఎండ వెలుగులోనే నలుపు తెలుపుల్లో అచ్చు పుస్తకంలా చదవొచ్చు. చెట్టు కింది బళ్లను మనసులో పెట్టుకుని చేసిన తెర అది. మన మానవ వనరుల శాఖ 2006లోనే ఆ పథకం వద్దంది. జెప్సన్ తర్వాత పిక్సెల్ చీ అనే కంపెనీ పెట్టి అలాంటి తెరలనే అమ్మారు. వాటిని పట్టుకున్న కొద్దిమందిలో ఒక భారతీయ కంపెనీ ఉంది. పేరు నోషన్ ఇంక్. నడిపిన రోహన్ శ్రావణ్ ఐఐటీ ఖరగ్‌పూర్ విద్యార్థి. కోల్‌కతా నుంచి రైల్లో రెండు మూడు గంటలు పోతే వచ్చే ఖరగ్‌పూర్, వీధుల్లో తెలుగు ధారాళంగా వినిపించే రైల్వే పట్టణం. 2010లో పత్రికలు ఆ కంపెనీని హైదరాబాద్ కంపెనీ అని రాశాయి. 2011 జనవరిలో ఆడమ్ అనే పదంగుళాల టాబ్లెట్ వచ్చింది. మామూలు తెరతో ఒక రకం, ఎండలో చదవగలిగే పిక్సెల్ చీ తెరతో మరొకటి.

అవి నిలబడలేదు. ఎండలో గెలవడానికి ఆ తెర గదిలో కొంత ఓడిపోవాలి. ప్రతి చుక్కలోనూ కొంత చోటు వెలుగును తిరగ్గొట్టే రేకుకు పోతుంది కాబట్టి వెనక దీపం వెలుగు దారి ఇరుకవుతుంది, రంగులు కాస్త వెలవెలబోతాయి. కొనేవాడు దాన్ని చూసేదెక్కడ? కోల్‌కతా చాందనీ చౌక్ అయినా, హైదరాబాద్ సికింద్రాబాద్‌లలో ఏ కంప్యూటర్ల బజారైనా, ట్యూబులైట్ల కింద, పక్కపక్కన వరసలో పెట్టిన తెరల్లో. అక్కడ నిగనిగలాడే నున్నటి తెరదే గెలుపు. తెరలు అమ్మే దుకాణాల్లో ఎండ ఉండదు. ఒక్కసారి వీధిలోకి తెచ్చి చూపించమని అడిగే ఖాతాదారు ఉంటే ఆ చరిత్ర వేరేగా ఉండేదేమో.

సాయంత్రం ఆరున్నర దాటితే గరియాహాట్‌లో బల్బులు వెలుగుతాయి. మెట్టు మీది ల్యాప్‌టాప్ ఇప్పుడు దీపంలా వెలుగుతోంది. అక్షరాలన్నీ తిరిగొచ్చాయి, ఉద్యోగి వేళ్లు వేగం అందుకున్నాయి. చీరల వ్యాపారి బేరం ముగించి క్యాలిక్యులేటర్ తీశాడు. నొక్కాడు, కళ్లు చికిలించాడు, అంకెలు ఆనలేదు. చెయ్యి చాచి దాన్ని బల్బు కిందికి వంచి పట్టుకుని మళ్లీ చూశాడు.